గంతల్లో తొంభై రెండు

యంత్రం తొంభై రెండు వేసింది. అంత మార్కు పడిన మనిషి సంతోషించాలి. కొంగక్క మాత్రం గంతలు విప్పి పక్కన పెట్టి, ఎడమ చేతి చూపుడు వేలినీ నడిమి వేలినీ నడుముకు కట్టుకున్న పనిగుడ్డకేసి రుద్దుకుంది. వేళ్ళున్నాయి, గుడ్డ ఉంది, రెంటికీ మధ్య ఎవరో అట్టముక్క అడ్డం పెట్టినట్టుంది.

రఫ్ఫు పని చేసే మనిషికి వేలికొస మొద్దుబారిందంటే పాటగాడికి గొంతు పోయినట్టే. పాటగాడైతే నలుగురిలో చెప్పుకుని ఏడవనైనా ఏడవొచ్చు. ఈమెకు ఆ వీలు కూడా లేదు. నోరు విప్పిన రోజే బల్ల పోతుంది.

అది కోటు గుడ్డ నేసే మిల్లు. మగ్గం దిగిన తాను నేరుగా దుకాణానికి పోదు, ముందు రఫ్ఫు గదికి వస్తుంది. అక్కడ పద్నాలుగు బల్లలు, పద్నాలుగు మంది ఆడవాళ్ళు. బల్ల పైన గాజు పలక, పలక కింద దీపం. దాని మీద గుడ్డ పరిచి ఎడమ చేతి వేళ్ళతో తడుముకుంటూ పోవాలి. కంటికి ఆనని ముడి వేలికి ఆనుతుంది. దాన్ని పట్టకారుతో పైకి లాగి కత్తిరించాలి. పోగు తెగి ఉంటే సూదితో కొత్త పోగును పడుగులోంచి నడిపించి, అక్కడ లోటు ఉండేదని నేసిన మగ్గానికే తెలియకుండా చెయ్యాలి. ఈ గుడ్డ తొడుక్కుని తిరిగే పెద్దమనుషుల్లో ఒక్కడికైనా ఇలాంటి గది ఒకటుందని తెలుసా? తెలియదు. అదే ఆ పని గొప్పతనం, అదే దాని ఖర్మ.

బల్లలు మాత్రం పొట్టివి. ఎవరి కొలతకు చేయించారో దేవుడికెరుక. గుడ్డ కనపడాలంటే మెడ బల్ల దగ్గరికి పోవాలి, బల్ల ఎలాగూ మెడ దగ్గరికి రాదు. పైగా ఆ గదికొక పద్ధతి ఉంది. తాను పరిచాక మేస్త్రీ గంట కొడతాడు. గంట పడేదాకా ఎవరూ గుడ్డ ముట్టకూడదు, పడ్డాక ఎవరూ తల ఎత్తకూడదు. ఎంతసేపట్లో ఎన్ని గజాలు అయ్యాయన్న లెక్క ఆ గంట నుంచే మొదలవుతుంది. రోజుకు ముప్ఫైసార్లు ఆ గంట మోగడం, ముప్ఫైసార్లు పద్నాలుగు తలలు ఒక్కసారిగా వంగడం. అలా పదమూడేళ్ళు వంగితే మనిషి ఏమవుతుంది? కొంగవుతుంది. ముందుకు సాగిన మెడ, భుజాల కంటే ముందే గదిలోకి వచ్చే ముఖం. ఆ పేరు పెట్టింది ఆమె సొంత ఆడపడుచే. పక్క బల్ల మీదే పని చేస్తుంది. మిగతా వాళ్ళు దానికి ‘అక్క’ తగిలించి మర్యాద చేశారు.

కొంగక్క మొగుడు ఇళ్ళ లోపల పైకప్పులకు రంగులు వేసేవాడు. అతని మెడ వెనక్కి వాలి ఉంటుంది. ఆమె మెడ ముందుకు. తిండి దగ్గర ఎదురెదురుగా కూర్చుంటే ఆమెకు కంచం తప్ప ఏమీ కనపడదు, అతనికి దూలం తప్ప ఏమీ కనపడదు, అందుకే మా కాపురం ఇన్నాళ్ళు గొడవ లేకుండా సాగిందని అతను ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు.

బల్లలు నాలుగు వేళ్ళు ఎత్తు చేయండని ఆడవాళ్ళు మూడేళ్ళుగా అడుగుతున్నారు. కింద దీపాలున్నాయి, తీగలున్నాయి, అన్నీ విప్పాలంటే వారం పని ఆగిపోతుందని మేనేజరు అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కూర్చోవడం చేతకాక బల్ల మీద పడతారని మేస్త్రీ దానికి తోక తగిలించాడు. మేస్త్రీ కుర్చీకి మెడ ఆనించుకునే దిండు ఉంది. ఆ సంగతి ఇక్కడ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆఖరికి ఒకరోజు పెట్టెలో రెండు గంతలు వచ్చాయి. కళ్ళకు కట్టుకునే యంత్రాలవి. కంపెనీవాళ్ళు దానికి పొడుగాటి పేరేదో చెప్పారు గానీ, కళ్ళు మూసి బండికి కట్టే గుర్రం గుర్తొచ్చి ఆడవాళ్ళు గంతలనే పేరు ఖాయం చేశారు. కట్టుకుంటే గది మాయమై ఆకాశం వస్తుంది. ‘టింగ్’మని ఒక గంట మోగుతుంది. ఆ తర్వాత అటొక పిట్ట, ఇటొక పిట్ట. మెడ తిప్పి ముక్కును పిట్టకు గురిపెట్టి మూడు లెక్కపెడితే అది ఎగిరిపోతుంది. మధ్యమధ్యలో గడ్డం లోపలికి లాక్కోమంటుంది, భుజాలు దించమంటుంది. పది నిమిషాల ఆట, రోజుకు రెండుసార్లు, ఆరు వారాలు. చివర్లో మార్కు. తల నిటారుగా ఎంతసేపు నిలబెట్టావో దాన్నిబట్టి నూటికి ఇంత.

వ్యాయామం నేర్పే డాక్టరమ్మ ఒకామె మొదటిరోజు వచ్చి చెప్పి వెళ్ళింది. నిజానికి ఆమె డాక్టరు కాదు, కండరాలకు కసరత్తు చేయించే మనిషి. ఆమె తిరగాల్సిన మిల్లులు ఇంకో మూడున్నాయి. హాయిగా కూర్చోండి, గంట మోగినప్పుడు కదలకండి అని మాత్రం చెప్పి, మిగతాది మేస్త్రీకి అప్పజెప్పింది. మేస్త్రీ గంతల్ని రఫ్ఫు గది మూలలోనే పెట్టించి, పాత బల్ల ఒకటి, ముక్కాలిపీట ఒకటి వేయించాడు.

మార్కుల పట్టీ మాత్రం గోడకెక్కింది. యాభై దాటని వాళ్ళను మడతల గోదాముకు పంపుతామని కింద రాశారు. అక్కడ తానుల మూటలెత్తాలి. మెడ బాగోలేని మనిషిని మూటలెత్తడానికి పంపడమేమిటని అడగకండి. అలాంటివి తోచేది చల్లటి గదుల్లో కూర్చునేవాళ్ళకే. గోదాముకు పోయినవాళ్ళు రెండు నెలలు నిలవరని అందరికీ తెలుసు.

అందరికీ ఎనభైలు, తొంభైలు వచ్చాయి. కొంగక్కదే అన్నింటికంటే పెద్ద మార్కు. అక్కడే మొదలైంది ఆమె బెంగ.

రెండో వారానికి మెడలోంచి భుజానికి, భుజంలోంచి మోచేతికి ఒక తీగ లాగినట్టు నొప్పి. మూడో వారానికి రెండు వేళ్ళు మొద్దు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు ఈ గంతలతోనే ఇది ముదిరిందా, లేక తన లోపలే ఏదో పాడైందా, ఆమెకు తేలలేదు. తొంభై రెండు వచ్చిన మెడ నొప్పి పుడుతోందంటే ఎవరు నమ్ముతారు? తనకే నమ్మకం కుదరలేదు. ఎడమ చేత్తో తడమాల్సిన గుడ్డను దొంగతనంగా కుడిచేత్తో తడిమి, ముడి దొరికాక పట్టకారు అందుకునేది. ఒక పనికి రెండు పనులు. గజాలు వెనకబడుతుంటే మధ్యాహ్నం తిండి సగంలో వదిలి పరిగెత్తుకొచ్చేది. ఆడపడుచు ఓరకంట చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు. అనకపోవడం ఆమె అలవాటు కాదు గనక అది ఇంకా భయం.

నాలుగో వారం ఒక తాను తిరిగొచ్చింది. అంచున కొంగక్క సుద్ద గుర్తు. మధ్యలో మూడు ముడులు, గోధుమ గింజంతేసి. మేస్త్రీ ఆ గుడ్డను అందరికీ కనపడేలా గది మధ్య తాడు మీద ఆరేసి, కళ్ళు లేనివాళ్ళు కూడా ఇవి కనిపెడతారన్నాడు. ఇంకోటి తిరిగొస్తే పట్టీ చూసే పని కూడా లేదు, నేరుగా గోదాముకే అన్నాడు.

ఆదివారం పొద్దున ఇంట్లో ఆమె చేతిలోంచి గ్లాసు జారింది. గ్లాసు పోతే పోయింది. జారుతున్నట్టు ఆమెకు తెలియకపోవడమే మొగుడికి నచ్చలేదు. సంగతేమిటని కూర్చోబెట్టి అడిగాడు. ఆమె చెప్పలేక చెప్పలేక చెప్పింది. అతను లేచి, పనిసంచిలోంచి గోడ నిటారు చూసే గుండుదారం తీసి గుమ్మం పక్క గోడకు వేలాడదీశాడు.

“ఇటొచ్చి నిటారుగా నిలబడు.”

“నిలబడ్డాను.”

“నిటారుగా అన్నాను.”

“నిటారుగానే ఉన్నానండీ. ఇంకెలా ఉంటారు మనుషులు?”

అతను ఆమె తల వెనక తన అరచేయి దూర్చాడు. నాలుగు వేళ్ళూ నిలువునా దూరాయి, ఇంకా చోటుంది. మెల్లగా గడ్డం పట్టుకుని తలను గోడకు ఆనించాడు. ఆమె కళ్ళు తిరిగాయి. వెనక్కి పడిపోతున్నానని అతని చొక్కా పట్టుకుంది. పడట్లేదని, తల ఇప్పుడు దారం పక్కనే ఉందని అతను చెప్పాడు. ఆమె నమ్మలేదు. పదమూడేళ్ళు వంకరను నిటారని నమ్మిన ఒళ్ళు నిజం నిటారును పట్టుకుని పడిపోతున్నానని కేకేసింది.

“నీకు తొంభై రెండు వేసిన యంత్రం ఏ గోడను చూసి వేసిందే?” అని అతను అడిగాడు. నవ్వుతూ మొదలుపెట్టిన మాట, ముగించేసరికి అతని ముఖంలో నవ్వు లేదు.

ఆ ప్రశ్న ఆమె బుర్రను తొలిచేసింది. సోమవారం తన వంతు రాకముందు మూలలో నిలబడి ఆడపడుచును చూసింది. గంతలు కట్టుకుని ఆడపడుచు బాగానే కూర్చుంది, కాస్త వెనక్కే ఆనింది. లోపల ‘టింగ్’మంది. బయటికి కూడా సన్నగా వినపడింది. అంతే, ఆడపడుచు తల దానంతటదే నాలుగు వేళ్ళు కిందికి, ముందుకి దిగింది. చేతులు వెళ్ళి బల్ల మీద పరుచుకున్నాయి, గుడ్డ కోసం. ఆ మనిషికి ఆ సంగతే తెలియదు. తర్వాత కూర్చున్నామె తల కూడా అంతే. ఆ తర్వాతామె కూడా. గంట మోగితే తల వంచడం ఆ గదికి ఊపిరి పీల్చడం లాంటిది.

కొంగక్కకు సంగతి అర్థమైంది. గంట మోగినప్పుడు తల ఎక్కడుంటే అదే నిటారని యంత్రం రాసుకుంటుంది. అప్పుడు కదలకండని మొదటిరోజు డాక్టరమ్మ చెప్పింది అందుకే. వంగిన తలను నిటారని రాసుకుని, అలా వంగే ఉన్నందుకు తొంభైలు వేస్తోంది. నాలుగు వారాలుగా వంగిన మెడకు ముందువైపు అరకిలో బరువు కట్టి, పిట్టల కోసం తిప్పుతున్నారు. తను అందరికంటే శ్రద్ధగా చేసింది. అందుకే వేళ్ళు అందరికంటే ముందు పోయాయి.

తన వంతు వచ్చింది. పీటను వెనక్కి జరిపి గోడకు వేసింది. తల గోడకు ఆనించింది. ‘టింగ్’. తల వంగబోయింది. రెండు చేతులూ పీట కింద పట్టుకుని పళ్ళు బిగించి ఆపింది. పిట్టలన్నీ ఇదివరకు లేనంత పైన ఉన్నాయి. మెడ వణికింది, మాటిమాటికీ ముందుకు జారింది, జారినప్పుడల్లా యంత్రం గుర్రుమంది. పది నిమిషాలయ్యాక ముప్ఫై ఒకటి వేసింది. ఆ అంకె పట్టీలోకి ఎక్కిపోయింది. చెరపడానికి సుద్ద కాదు కదా.

మధ్యాహ్నం నీళ్ళ దగ్గర ఆడపడుచు చెయ్యి పట్టి పక్కకు లాగింది. ఏం చేశావని అడిగింది. కొంగక్క అంతా చెప్పింది, వేళ్ళ సంగతి తప్ప.

ఆడపడుచు నీళ్ళ కుళాయి కట్టేసింది. “వదినా, నీకు దణ్ణం పెడతా. ఇది ఇక్కడితో మింగెయ్. మాకందరికీ తొంభైలున్నాయి. ఇంకో పది రోజులు ఓపిక పడితే గంతలు ఇంకో మిల్లుకు పోతాయి, మన బల్లలు మనకుంటాయి.”

“బల్లలు ఇలాగే ఉంటాయి. మెడలు బాగున్నాయని రాసుకున్నాక ఇంకెవరు ఎత్తుతారు?”

“ఎత్తకపోతే ఎత్తకపోయె. గోదాములో మూటలెత్తడం కంటే మేలు కాదూ?”

“నీకు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా?”

ఆడపడుచు చెయ్యి వెనక్కి తీసుకుని వీపు వెనక దాచుకుంది. చిన్నపిల్లలు దెబ్బ తగిలిన వేలు దాచుకుంటారే, అలా.

ఇక అక్కణ్ణుంచి కొంగక్కకు కుదురు లేదు. రోజుకు రెండుసార్లు నిజం తలతో కూర్చుంటే ముప్ఫైలే. పాత తలతో కూర్చుంటే తొంభై. ఒక్క పూట తల దించితే చాలు, పట్టీ సర్దుకుంటుంది. బుధవారం పొద్దున దించింది కూడా. ఎనభై తొమ్మిది వచ్చింది, మోచేతి దాకా మంట వచ్చింది. ఆమె వీరనారి కాదు. పిల్ల చదువూ, మొగుడికి పని దొరకని వర్షాకాలమూ అన్నీ ఆ బల్ల మీదే నిలబడ్డాయి. మధ్యాహ్నం మళ్ళీ గోడకు ఆనింది. వేళ్ళు శాశ్వతంగా పోతే బల్ల ఉండి కూడా ఏం చేసుకోవాలి? ఈ మాట అనుకున్నప్పుడల్లా ధైర్యమేమీ వచ్చేది కాదు.

శుక్రవారం డాక్టరమ్మ వచ్చింది. పట్టీ చూస్తూ కొంగక్క వరస దగ్గర ఆగింది. తొంభై రెండు, ముప్ఫై ఒకటి, ముప్ఫై మూడు, ఇంకో రెండు ముప్ఫైలు, ఎనభై తొమ్మిది, మళ్ళీ ముప్ఫైలే. ఈమె నెల నుంచీ మనసు పెట్టి పని చేయట్లేదని, ఈమె చూసిన గుడ్డ కూడా తిరిగొచ్చిందని, గోదాము కాగితం సిద్ధం చేస్తున్నానని మేస్త్రీ చెప్పాడు. పద్నాలుగు తలలూ బల్లల మీదే ఉన్నాయి, పద్నాలుగు జతల చెవులు అటే ఉన్నాయి.

కొంగక్క లేచింది. “డాక్టరమ్మా, ఒక్కసారి నన్ను చూడండి. మార్కు కాదు, నన్ను.”

పాత బల్ల దగ్గర కూర్చుని గంతలు కట్టుకుంది. టింగ్. తలను ఎప్పటిలా పోనిచ్చింది. కొద్దిసేపు పిట్టల్ని తోలి ఆపేసింది. తొంభై ఒకటి. తర్వాత పీట గోడకు జరిపి, తల ఆనించి, మళ్ళీ మొదలుపెట్టింది. ముప్ఫై రెండు.

డాక్టరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తప్పెవరిదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొదటిరోజు ఇంకో అరగంట నిలబడి, గంట మోగినప్పుడు ఒక్క తల వైపు చూసి ఉంటే ఈ ఐదు వారాలు ఉండేవి కావు. ఈ గది మెడలు భేషుగ్గా ఉన్నాయని పోయిన వారమే తను పైకి రాసి పంపింది. ఆమె గొంతు తగ్గించి, కొంగక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది.

“అమ్మా, నిజం చెప్పండి. చెయ్యి లాగుతోందా? వేళ్ళు ఎలా ఉన్నాయి?”

గదిలో సూది కదలడం లేదు. మేస్త్రీ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. లేదు అంటే ఇంకా కొంత దారి ఉంది. అవును అంటే లేదు. కొంగక్క ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టింది.

“ఈ రెండూ నావి కావమ్మా. మూడు వారాలైంది.”

డాక్టరమ్మ ఒక సూది అడిగి తీసుకుని, ఆమెను ముఖం పక్కకు తిప్పుకోమని, వేలికొస మీద మోపింది. మోపానని చెప్పలేదు. కొంగక్క కూడా ఏమీ అనలేదు. మోపుతుందేమోనని ఎదురుచూస్తూనే ఉంది. అప్పటికే మూడుసార్లు మోపడం గది మొత్తం చూసింది.

ముందు లేచింది ఆడపడుచు. ఆమె వంతు కాదు. మేస్త్రీ గంట కొట్టాడు, కూర్చోమని. ఆ గంటకు పన్నెండు తలలు వంగి, మళ్ళీ వాటంతటవే లేచాయి. ఆడపడుచు గోడ దగ్గర పీట మీద కూర్చుని గంతలు కట్టుకుని, నా తల మీరే పట్టుకోండి డాక్టరమ్మా, దీన్ని నేను నమ్మను అంది. ముప్ఫై ఆరు వచ్చింది. తర్వాత ఇంకొకామె. ఇరవై ఎనిమిది. సాయంత్రానికి పద్నాలుగు మందివీ అయ్యాయి. యాభై దాటినవాళ్ళు ఒక్కరూ లేరు. పట్టీ కింద రాసిన రూలు ప్రకారం రఫ్ఫు గది గదంతా గోదాముకు పోవాలి. మేనేజరుకు ఫోను చేస్తే ఆయన దిగొచ్చాడు, పట్టీ చదివాడు, ఎవరు నేర్పారు మీకిలా కూర్చోవడమని అడిగాడు. మీ బల్లేనండీ అని వెనక నుంచి ఎవరో అన్నారు, గట్టిగా కూడా కాదు.

ఇక్కడ డప్పులు మోగాయని రాస్తే నాకు బాగానే ఉంటుంది, కానీ మోగలేదు. మేనేజరు ఆలోచిస్తామన్నాడు. డాక్టరమ్మ తన పాత కాగితం తప్పని, తప్పు తనదేనని ఇంకో కాగితం రాసి సంతకం పెట్టింది. ఆ ఉద్యోగం ఆమెకు మిగులుతుందో లేదో ఆమెకే తెలియదు. వారం తర్వాత రెండు బల్లల తీగలు విప్పి, కాళ్ళకు దుంగలు బిగించి నాలుగు వేళ్ళు లేపారు, పరీక్ష కోసమట. అందులో ఒకటి కొంగక్కది. దాని మీద ఇప్పుడు ఆడపడుచు కూర్చుంటోంది. కొంగక్క చేతికి నరాల పరీక్ష జరిగింది. మూడు నెలలు సూది ముట్టకూడదన్నారు. ఆ తర్వాత బల్ల తిరిగిస్తామని రాసివ్వమంటే మిల్లువాళ్ళు రాసివ్వలేదు.

ఆమె మాత్రం రోజూ పొద్దున మిల్లుకు పోతుంది. వ్యాయామం ఆపొద్దని డాక్టరమ్మ చెప్పింది, గంతలు మూలలోనే ఉన్నాయి, మిగతా మిల్లులకు పోయేముందు డాక్టరమ్మ కూడా ఇప్పుడు రోజూ ఇక్కడికొస్తోంది. గంట మోగేముందు డాక్టరమ్మ ఆమె తల వెనక చెయ్యి పెట్టి గోడకు ఆనిస్తుంది. పడిపోతున్నట్టే ఉంటుంది ఇప్పటికీ. నిన్న ముప్ఫై ఏడు. ఇవాళ నలభై. గంతలు తీశాక డాక్టరమ్మ అంకె చూపించి బాగుందమ్మా అంది.

“వేళ్ళు వస్తాయా?” అని కొంగక్క అడిగింది.

మొదటిరోజైతే డాక్టరమ్మ వస్తాయని వెంటనే చెప్పేదే. ఇవాళ ఆమె కొంగక్క ఎడమ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, నాకు తెలియదమ్మా, రేపు మళ్ళీ చూద్దాం అంది. పక్కన ఎత్తు చేసిన బల్ల మీద ఆడపడుచు, తల పైకి పెట్టుకుని ఎలా పని చేయాలో ఇంకా తెలియక, గుడ్డను వెతుక్కుంటోంది.